పొడిని వదలని ఈథర్

కడగడం

ముందు కడగడం గురించి చెబుతాను. లాబ్‌లో నా ఉద్యోగం అక్కడే మొదలైంది. ఇప్పుడు భార్యగానో భర్తగానో వీసా మీద ఈ దేశంలో దిగి, ఏదో ఒక పని దొరికితే చాలని తిరుగుతున్న పిల్లల్లో కొందరికి అక్కడే మొదలవుతుంది. వాళ్ళకోసమే రాస్తున్నాను.

నేను ఏడో తరగతి దాకా చదివాను. బాపట్ల దగ్గర మా ఊళ్ళో బడి అంతవరకే ఉంది, నేనూ అంతవరకే ఉన్నాను. మా ఆయన వెల్డరు. ఆయన చేతిపనిని చూసి ఈ దేశం రమ్మంది, ఆయన వెనకాల నేనొచ్చాను. కాన్‌బెరా వచ్చిన కొత్తలో, యూనివర్సిటీ కెమిస్ట్రీ లాబ్‌లో గాజుసామాను కడిగే మనిషి కావాలని గుడిలో పరిచయమైన ఒకావిడ చెప్పింది. నాకేం వచ్చని వెళ్ళను అన్నాను. "అంట్లు తోమడం రాదా?" అంది. వచ్చు. వెళ్ళాను.

అంట్లు వేరు, ఇవి వేరు అని మొదటి వారంలోనే అర్థమైంది. వంటింట్లో గిన్నె కంటికి శుభ్రంగా ఉంటే సరిపోతుంది. అక్కడ కంటికి కనపడనిది కూడా పోవాలి. నేను ఫ్లాస్కులన్నీ తళతళలాడేలా తోమి, బట్టతో తుడిచి వరసగా పెడితే, అప్పటి లాబ్ మేనేజరు ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసి మళ్ళీ సింకులో పెట్టేశాడు. నాకు ఏడుపొచ్చింది. గాజుకి చెమ్మ పల్చగా అంటుకుని ఉంటుందనీ, ఆ గాజుని ఓవెన్‌లో కాల్చి, వేడి మీదే తీసి గాలి చొరబడకుండా మూయాలనీ ఆయన చెప్పలేదు. పక్కనున్నవాళ్ళని చూసి నేర్చుకున్నాను. ఆ లాబ్‌లో వాడే పొడులకి గాలిలోని చెమ్మ చాలు, భగ్గుమనడానికి.

ఆయన మంచి పనివాడు, చెడ్డ గురువు. తప్పు చూపించేవాడు, కారణం చెప్పేవాడు కాదు. మీ పైన అలాంటివాళ్ళు ఉంటే వాళ్ళ చేతులు చూడండి, మొహం చూడకండి. చేతుల నిండా విద్య ఉంటుంది.

హెలెన్

తరవాత లాబ్ పెద్దగా హెలెన్ వచ్చింది. పొడుగు మనిషి, నెరిసిన జుట్టు, కళ్ళజోడు జారిపోకుండా బూటు లేసుతో మెడకి కట్టుకునేది. టీ కప్పు ఎప్పుడూ లాబ్ తలుపు బయట కిటికీ గట్టు మీద ఉండేది. లాబ్‌లో తినకూడదు, తాగకూడదు, అందుకని లోపలికి తెచ్చేది కాదు. చల్లారిపోయిన టీ తాగడం ఆవిడకి అలవాటైపోయింది.

మొదటిరోజు నా పేరడిగింది. సరోజిని అన్నాను. నోటితో కాసేపు తంటాలు పడి, "సరో. పర్వాలేదా?" అంది. అప్పటిదాకా అక్కడ నన్నెవరూ ఏ పేరుతోనూ పిలవలేదు. పర్వాలేదేమిటి, బంగారం లాగా ఉంది అనుకున్నాను.

ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడేది, నాకేమో గుర్తున్నదంతా తెలుగులోనే ఉంది. కాబట్టి ఆవిడ మాటలు నేను రాసినట్టు కాస్త బాపట్ల వాసనతో వస్తాయి. ఆవిడ చూస్తే నవ్వుతుంది.

హెలెన్ నాకు చదువు లేదని మాట తగ్గించి చెప్పేది కాదు. నాకు బోధపడేదాకా చెప్పేది. ఫ్యూమ్ హుడ్ అని ఒకటుంటుంది. గాజు తలుపున్న పెద్ద అలమర, లోపలి ఆవిర్లన్నిటినీ హోరుమని పైకి లాగేస్తుంది. ఆ గాజు మీద మార్కర్‌తో బొమ్మలు వేసి చెప్పేది. సాయంత్రం ఆ బొమ్మలు చెరిపే పని నాది. కొన్ని చెరపబుద్ధి కాక మర్నాటికి వదిలేసేదాన్ని.

ఆ లాబ్‌లో చేసే పని ఇదీ. హైడ్రోజన్ ఇంధనమే, కాని దాన్ని మోసుకెళ్ళడం కష్టం. సిలిండర్లో కుక్కాలి. దానికి బదులు ఒక లోహానికి పట్టించి పొడిలాగా మోస్తే? అలా హైడ్రోజన్ పట్టుకున్న లోహాల్ని హైడ్రైడ్లంటారు. అల్యూమినియం, హైడ్రోజన్ కలిసిన తెల్లటి పొడి ఒకటుంది. హెలెన్‌కి దానిమీదే ప్రాణం. తేలిక, ఇంచుమించు చెయ్యి కాలేంత వేడికే హైడ్రోజన్ ఇచ్చేస్తుంది. ఆ పొడిని పదార్థాలు కరిగించే ఈథర్ అనే సాల్వెంట్‌లో తయారు చేస్తారు. ఈథర్ నీళ్ళకంటే పల్చన, మూత తీస్తే ఎగిరిపోతుంది, తియ్యటి వాసన.

ఆ ఈథర్‌ని ఆరబెట్టే పని నాకిచ్చింది హెలెన్. ఈథర్‌ని ఆరబెట్టడమేమిటని మా ఆయన నవ్వాడు. ద్రవంలో కూడా చెమ్మ ఉంటుంది. సోడియం ముక్కలు వేసి మరిగిస్తే ఆ చెమ్మంతా సోడియం తినేస్తుంది. దాంతోపాటు వేసే ఇంకో పొడి వల్ల, బాగా పొడిబారాక నేరేడుపండు రంగు వస్తుంది. ఆ రంగు వచ్చేదాకా నా ఈథర్‌ని ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. ఎంత పెద్ద డాక్టరైనా వచ్చి, "సరో, రెడీనా?" అని అడగాల్సిందే. ఆ రంగు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. ఇక్కడి మార్కెట్లో నేరేడుపళ్ళు దొరకవు. ఆ ఫ్లాస్కే నాకు నేరేడుచెట్టు.

మౌనిక

హెలెన్ రిటైరయ్యే ముందు తీసుకున్న చివరి పీహెచ్‌డీ పిల్ల మౌనిక. కరీంనగర్ అమ్మాయి. మొదటిరోజు నా చేతిలోని ఫ్లాస్కు చూసి కాక, నా మెళ్ళో నల్లపూసలు చూసి, "ఆంటీ, తెలుగా?" అంది. అంతే, ఆ రోజునుంచి మా ఇద్దరి మధ్యా లంచ్ డబ్బాలు అటూ ఇటూ నడిచాయి.

మౌనిక భర్త బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉంటాడు, ఐటీ ఉద్యోగం. కూతురు ఆద్య ఆయన దగ్గరే. ఇంకా బడిలో చేరని పిల్ల. మౌనిక పని చేసే సామాను, అంటే గాలి లేకుండా ఆర్గాన్ నింపిన గాజుపెట్టె, దానిలోపలికి చేతులు పెట్టే నల్ల రబ్బరు గ్లవ్సు, ఇవన్నీ కాన్‌బెరాలో ఉన్నాయి. పిల్ల బ్రిస్బేన్‌లో ఉంది. లాంగ్ వీకెండ్ వస్తే ఎగిరి వెళ్ళడం, తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ బాత్‌రూమ్‌లో మొహం కడుక్కోవడం.

ఆ పొడిలోంచి ఈథర్ పూర్తిగా పోగొట్టి, స్వచ్ఛమైన పొడి చూపిస్తే ఆమె థీసిస్ పూర్తవుతుంది. థీసిస్ పూర్తయితే పిల్ల దగ్గరికి వెళ్ళిపోతుంది. హెలెన్ వెళ్ళిపోయాక ఆ లాబ్ వేరే పనికి ఇచ్చేస్తారని అందరికీ తెలుసు. అప్పుడిక ఈ పని చెప్పేవాళ్ళూ ఉండరు, చేసే చోటూ ఉండదు. ఉన్న వ్యవధి హెలెన్ ఉన్నంతవరకే.

ఆద్య రోజూ మధ్యాహ్నం చైల్డ్‌కేర్ నుంచి వచ్చాక వీడియో కాల్ చేసేది. మౌనిక కారిడార్‌లోకి వెళ్ళి గోడకానుకుని మాట్లాడేది. తల్లి తెలుగులో అడిగేది, పిల్ల ఇంగ్లీషులో చెప్పేది.

"తిన్నవా బిడ్డా?"

"యా. మమ్, ఈజ్ యువర్ పౌడర్ డ్రై యెట్?"

"ఇంకా లేదు కన్నా."

"ఓకే. బై."

ఆ "ఓకే" వినడం నాకే కష్టంగా ఉండేది. ఏడ్చి గోల చేస్తే పిల్లని సముదాయించవచ్చు. ఒప్పేసుకునే పిల్లని ఏం చేస్తాం?

ఖాళీ ట్రాపు

ఈ పని నేర్చుకునే వాళ్ళకి ఒక సంగతి. సాల్వెంట్‌ని పీకేటప్పుడు ఫ్లాస్కుకి వాక్యూమ్ పంపు తగిలిస్తారు. మధ్యలో ఒక గాజుగొట్టాన్ని గడ్డకట్టించేంత చల్లటి ద్రవంలో ముంచి ఉంచుతారు, దాన్ని ట్రాప్ అంటారు. ఫ్లాస్కులోంచి లేచిన ఈథర్ ఆవిరి అందులో గడ్డకట్టి దొరుకుతుంది. మంచు పేరుకుందంటే ఈథర్ వస్తోందని. పేరుకోవడం మానేసిందంటే అయిపోయిందని.

మౌనిక పొడి తెల్లగా, మెత్తగా, ముగ్గుపిండిలా ఉండేది. ఫ్లాస్కు ఊపితే గోడలకి అంటుకోకుండా దొర్లేది. ట్రాప్‌లో కొత్తగా చుక్క లేదు. కాని గాజుపెట్టెలో తూచితే, ఉండాల్సినదానికంటే బరువు.

"గంతే ఉన్నది ఆంటీ. నిన్న ఎంతుండెనో ఇయ్యాల గంతే. పంపు పొద్దటి సంది నడుస్తనే ఉన్నది."

"ఇంకా తడి ఉందేమోలే అమ్మా."

"మరి తడుంటే ట్రాప్ల రావాలె కదా? ఎందుకు పోతలేదు ఇది?"

మేమిద్దరం పుట్టి పెరిగిన ఇళ్ళలో మిరపకాయలు, వడియాలు, ఒరుగులు, అన్నీ ఎండలో పరిచినవే. ఆరలేదంటే ఎండ చాల్లేదని. ఇంకో ఎండ వెయ్యాలని. దానికి మించిన ఆలోచన మాకు రాదు. మౌనిక మర్నాడు ఫ్లాస్కు కింద వేడి పెంచింది. మూడో రోజు ఇంకాస్త. హెలెన్ అప్పుడు సిడ్నీలో మీటింగ్‌కి వెళ్ళి ఉంది. అడిగే వరకూ ఆగుదామంటే, ఆగే ఓపిక లేదు ఆ పిల్లకి. ఆ ముందు రోజు ఆద్య ఫోన్‌కి రాకుండా నిద్రపోయిందట.

నేను నా సింకు దగ్గరున్నాను. "ఆంటీ" అని పిలుపు వినిపించింది. గట్టిగా కూడా కాదు. వెళ్ళి చూస్తే ప్రెషర్ ముల్లు పైకి లేస్తోంది. ఫ్లాస్కులో తెల్లపొడి ఒక మూలనుంచి బూడిద రంగు తిరుగుతోంది, చూస్తుండగానే పాకింది. లోపలున్న హైడ్రోజన్ అంతా వెళ్ళిపోతోంది. మిగిలేది ఒట్టి అల్యూమినియం. మౌనిక వేడి ఆపింది, పద్ధతి ప్రకారం అన్నీ మూసింది. అది ఆ పిల్ల గొప్పదనం. అన్నీ అయ్యాక స్టూలు మీద కూర్చుని, "నాలుగు నెలల పని ఆంటీ" అంది. "బూడిదల పోసిన."

ఫోన్ మోగింది. ఆద్య. మౌనిక చూసి ఎత్తలేదు. ఆ ఒక్కరోజు ఎత్తలేదు.

ఈథర్ పోయింది, కాని హైడ్రోజన్‌ని వెంటబెట్టుకుని పోయింది. ఎందుకు రెండూ కలిసి పోయాయో ఆ రోజు మా ఇద్దరికీ తెలియదు.

బార్బీ మీద పటిక

ఆ వారం మౌనికకి గొంతు పట్టేసింది. ఏడ్చిన గొంతో, జలుబు గొంతో నేనడగలేదు. ఆదివారం మధ్యాహ్నం కాన్‌బెరా శివారు హారిసన్‌లో మా ఇంటికి రమ్మన్నాను. సిడ్నీ నుంచి వచ్చిన హెలెన్‌ని కూడా పిలిచాను. పెరట్లో మా ఆయన బార్బీ మీద, అంటే బార్బెక్యూ పొయ్యి మీద, మొక్కజొన్నలు, కోడి కాలుస్తున్నాడు. హెలెన్ కొబ్బరి కోరు అద్దిన లామింగ్టన్ కేకులు తెచ్చింది. మా ఆయనకి హెలెన్ అంటే భయమూ, గౌరవమూ. అంచేత ఆవిడ ముందు ఇంగ్లీషు మరీ ఎక్కువ మాట్లాడతాడు.

మౌనిక గొంతు విని నేను లోపలికెళ్ళి పటిక ముక్కలు తెచ్చాను. మా ఆయన గడ్డం గీసుకున్నాక రాసుకోడానికి ఇండియన్ షాపులో కొనేవి.

"ఏమే, నా గడ్డం పటిక ఎక్కడికి తీసుకెళ్తున్నావ్?"

"ఈ పిల్ల గొంతుకండీ. పొంగించి, నీళ్ళలో కలిపి పుక్కిలిస్తే తగ్గుతుంది."

"కొత్త ముక్క తియ్యవే తల్లీ. నా గడ్డం ఆ పిల్ల గొంతులోకి పోతుంది."

"అంకుల్, ప్లీజ్!" అని మౌనిక నవ్వింది. ఆ వారంలో అదే మొదటి నవ్వు.

బార్బీ ప్లేటు ఒక మూల పాత అట్లపెనం పెట్టి, దాని మీద కొత్త పటిక ముక్క వేశాను. చిన్నప్పుడు మా అమ్మ ఇలాగే చేసేది. పటిక రాయిలాగా ఉంటుంది, ముట్టుకుంటే చల్లగా, పొడిగా, గాజుముక్కలాగా. పెనం వేడెక్కేసరికి ఆ రాయి అంచులు కరిగి, తన నీళ్ళలోనే తనే కూర్చున్నట్టయి, బుసబుసా నురగ కట్టి, ఆవిర్లు చిమ్ముతూ పొంగి, చివరికి తెల్లటి అటుకుల ముద్దలాగా గుల్లబారింది.

మౌనిక చేతిలో ఇంకో ముక్క ఉంది. దాన్ని వేళ్ళమధ్య తిప్పుతోంది.

"ఆంటీ, ఇది పొడిగున్నది కదా. గన్ని నీళ్ళు ఎక్కడియి?"

"లోపలివేనమ్మా. పటికలో నీళ్ళు నక్కి ఉంటాయి, నిప్పు తగిలితే గాని బయటపడవు అనేది మా అమ్మ."

మౌనిక నా వైపు కాక హెలెన్ వైపు చూసింది. హెలెన్ కళ్ళజోడు పెట్టుకుని పెనం మీదికి వంగి ఉంది. లేచి, బూటు లేసు సర్దుకుని, "ఇన్నేళ్ళుగా మొదటి సంవత్సరం పిల్లలకి ఇదే పాఠం చెబుతున్నాను" అంది. "మన ఫ్లాస్కు ముందు నిలబడేసరికి నాకే తట్టలేదు చూడు."

పటికలో ఉన్నదీ అల్యూమినియమేనట. నీళ్ళలో ఉన్న ఆక్సిజన్‌ దాన్ని పట్టుకుని కూర్చుంటుందట. ఈథర్‌లోనూ అదే ఆక్సిజన్.

హెలెన్ పేపర్ ప్లేటు తీసుకుని టొమాటో సాస్ సీసాతో బొమ్మ వేసింది. మధ్యలో పెద్ద చుక్క అల్యూమినియం. చుట్టూ మూడు చిన్న చుక్కలు హైడ్రోజన్లు. నాలుగో వైపు ఖాళీ. ఆ ఖాళీ అల్యూమినియంకి వెలితి. ఆకలిగా ఉంటుంది. పక్కన ఈథర్ బొమ్మ వేసింది, అటూ ఇటూ రెండు తోకలు, నడుమ ఆక్సిజన్. ఆక్సిజన్ దగ్గర ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ల జతలు రెండు మిగిలి ఉంటాయి. ఒకదాని దగ్గర మిగులు, ఇంకోదాని దగ్గర వెలితి. ఆక్సిజన్ తన జతని ఆ ఖాళీలోకి వంచుతుంది. రెండూ స్థిమితపడతాయి.

"అది తడి కాదు, మౌనికా" అంది హెలెన్. "తడి అంటే పైన అంటుకున్నది. పంపు పెడితే పోతుంది, నువ్వు ఎప్పుడో పోగొట్టావ్. ఇది పొడిలో భాగం. నువ్వు దాన్ని ఆరబెట్టడం లేదు, విరగ్గొడుతున్నావ్. ఈథర్ పట్టు వదిలే వేడీ, హైడ్రోజన్ పట్టు వదిలే వేడీ ఇంచుమించు ఒకటే. అందుకే రెండూ కలిసి పోయాయి."

మౌనిక చాలాసేపు ప్లేటు చూసింది. సాస్ కారి అల్యూమినియం, ఈథర్ కలిసిపోయాయి.

"అయితే నా థీసిస్ ఏం గావాలె?" అంది ఇంగ్లీషులో కాదు, తెలుగులోనే, నన్ను చూసి. నేను హెలెన్‌కి చెప్పాను.

"ప్రశ్న తిరగెయ్యి" అంది హెలెన్. "ఈథర్ ఎందుకు పోవడం లేదు అని కాదు. ఎందుకు ఉంటోంది? ఎంత గట్టిగా ఉంటోంది? వేరే సాల్వెంట్ అయితే ఎలా ఉంటుంది?"

"అది ఓటమి ఒప్పుకోవడం కాదా? ఆరబెట్టలేక సాకు చెప్పిందంటారు" అంది మౌనిక, ఈసారి ఇంగ్లీషులో.

"రేపు వెళ్ళి మళ్ళీ వేడి పెడితే, అదీ ఓటమి."

మా ఆయన మొక్కజొన్న కండె తెచ్చి మౌనిక చేతిలో పెట్టి, "తినమ్మా, చల్లారిపోతుంది. సైన్సు చల్లారదులే" అన్నాడు. హెలెన్‌కి అది కూడా తర్జుమా చేసి చెప్పాల్సొచ్చింది. ఆవిడ నవ్విన నవ్వుకి పక్కింటివాళ్ళ కుక్క మొరిగింది.

జుట్టు ముడి

తరవాతి నెలలు నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైనవి. ఒక్కటే ఈథర్ ఆరబెట్టే నాకు రకరకాల సాల్వెంట్లు ఆరబెట్టే పని పడింది. మౌనిక ప్రతిదానిలోనూ ఆ పొడి చేసి, నెమ్మదిగా వేడి చేస్తూ, ఎంత వేడికి ఏది వదులుతుందో కొలిచేది. ఇంక దాన్ని తిట్టేది కాదు. గాజుపెట్టెలోకి చేతులు పెట్టి, "సూద్దాం, నువ్వెంత మొండిదానివో" అని మాట్లాడేది.

టోలీన్ అనే సాల్వెంట్ అసలు పట్టుకోలేదు. దాంట్లో ఆక్సిజనే లేదు, ఇవ్వడానికి మిగులు జత లేదు. ఈథర్ పట్టుకుంది. టీహెచ్ఎఫ్ అని ఇంకోటి, ఈథర్‌కి చుట్టమే, అది ఇంకా గట్టిగా పట్టుకుంది. ఎందుకని అడిగితే హెలెన్ నా వైపు తిరిగి తన జుట్టు విప్పింది. విరబోసిన జుట్టు భుజాల మీద రెండు వైపులా పడింది. "ఇది ఈథర్. రెండు తోకలూ ఊగుతూ అడ్డం పడతాయి, ఆక్సిజన్ దగ్గరికి రాలేదు." జుట్టు వెనక్కి లాగి ముడి వేసింది. "ఇది టీహెచ్ఎఫ్. తోకలు రెండూ వెనక ముడిపడి ఉన్నాయి. మొహం బయటికి వచ్చింది. ఇంకా దగ్గరగా వచ్చి పట్టుకుంటుంది." పుస్తకాల్లో దీనికి పెద్ద మాటలున్నాయి, మీరు చదువుకుంటారు. నాకు మాత్రం ఆ ముడే జ్ఞాపకం. ఆవిడ జుట్టు విప్పగా చూసింది ఆ ఒక్కసారే.

కొత్తగా చేరేవాళ్ళకి నాకు తెలిసినంతలో చెబుతున్నాను. ఏదైనా పోవడం లేదంటే, ముందు అది అంటుకుందా, కలిసిపోయిందా చూడండి. తూకం చెబుతుంది, ట్రాప్ చెబుతుంది. కలిసిపోయినదాన్ని బలవంతంగా లాగితే, మీకు కావలసింది కూడా దాంతోపాటు పోతుంది. ఇంకో సంగతి, ఆ పట్టు వల్ల మంచి కూడా ఉంది. ఈథర్ పట్టుకుని ఉన్నంతసేపు ఆ పొడి నెమ్మదిగా ఉండేది. దాన్ని ఒంటరిగా నిలపాలంటే, ఈథర్ మెల్లగా తప్పుకుంటున్న వేళకే ఆ పొడి కణాలు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఇంకో ఆసరా దొరికితే మొదటిది వదులుతుంది. ఆ దారిలో వేరే దేశాల్లో పని జరుగుతోందని మౌనిక చెప్పింది. మాకు అంత వ్యవధి లేదు.

చివరి సెమినార్‌కి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను వద్దన్నా మౌనిక వినలేదు. అంతా అయ్యాక వెనక నుంచి ఒకాయన, పక్క డిపార్ట్‌మెంట్ ఆయన, "చివరికి మీరు ఆ పొడిని ఆరబెట్టలేకపోయారు, అంతేనా?" అని అడిగాడు. హెలెన్ తల తిప్పలేదు.

"ఆరబెట్టలేదు" అంది మౌనిక. "ఆరబెట్టబోయి పాడుచేశాను. అది ఎంత గట్టిగా పట్టుకుందో నాకు తెలిసింది అలాగే. మిగతా అంతా ఆ పట్టుని కొలవడమే."

ఆయన తల ఊపి కూర్చున్నాడు. నాకు చప్పట్లు కొట్టాలో లేదో తెలియక హెలెన్ చేతులు చూశాను. ఆవిడ కొట్టింది.

కారిడార్‌లో ఫోన్ మోగింది. ఈసారి మౌనిక స్పీకర్‌లో పెట్టింది, నేను వినాలని.

"మమ్, ఈజ్ యువర్ పౌడర్ డ్రై యెట్?"

"లేదు బిడ్డా. అది ఇంక ఎండదు."

మౌనిక ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"ఎండకున్నా నేనొస్తున్న. ఫ్రైడే వస్తున్న. అన్ని సామాన్లు పట్టుకుని వస్తున్న."

ఈసారి ఆద్య "ఓకే, బై" అనలేదు. ఫోన్ ఎక్కడో కిందపడిన చప్పుడు, "డాడీ! డాడీ!" అని పరిగెత్తుకెళ్ళిన చప్పుడు వినిపించాయి. మౌనిక గోడకానుకుని అలాగే నిలబడింది. ఆ గోడ అక్కడ కొంచెం నునుపుదేరి ఉండేది.

హోరు

మౌనిక శుక్రవారం వెళ్ళింది. హెలెన్ ఆ వేసవి చివర రిటైరై టాస్మేనియాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. నన్ను ఇంకో అంతస్తులో ఉంచుతామన్నారు. నేనూ చాలించుకున్నాను.

హెలెన్ వెళ్ళే ముందు, లాబ్ ఆఖరి రోజున ఫ్యూమ్ హుడ్లు ఆపడానికి మెయింటెనెన్స్ మనిషి వచ్చాడు. పాతికేళ్ళకి దగ్గరగా ఆ గదిలో తిరిగాను, ఆ హోరు ఆగడం అంతవరకూ వినలేదు. అది మోగుతోందని కూడా మర్చిపోయాను. ఒక్కొక్క మీట నొక్కుతూ వచ్చాడు. ఆఖరిది ఆగేసరికి గదిలో ఉన్నట్టుండి నా ఊపిరి నాకు వినిపించింది. హెలెన్ నా పక్కనే ఉంది. కిటికీ గట్టు మీది టీ కప్పు తీసుకొచ్చి, ఇన్నేళ్ళలో మొదటిసారి లాబ్ లోపల నిలబడి తాగింది. "చల్లగా ఉంది" అంది.

ఇప్పుడు ఇంట్లో మధ్యాహ్నాలు చాలా నిశ్శబ్దంగా ఉంటాయి. హారిసన్‌లో అందరూ ఆఫీసులకి పోతే వీధిలో కాకి కూడా అరవదు. మా ఆయన గరాజ్‌లో ఏదో రిపేరు చేసుకుంటుంటాడు. నేను వంటింట్లో పొయ్యి పైన పొగ లాగే రేంజ్‌హుడ్ వేసుకుని, దానికింద కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు వలుస్తాను. పొయ్యి మీద ఏమీ ఉండదు. మొదట్లో మా ఆయన, "ఏమే, పొగ లేదు, పోపు లేదు, దేనికే ఆ గోల?" అనేవాడు. ఇప్పుడు అడగడం మానేశాడు.

మొన్న స్కూలు సెలవలకి మౌనిక ఆద్యని తీసుకుని వచ్చింది. పిల్ల పొడుగయింది. నన్ను "ఆంటీ" అనాలా "అమ్మమ్మ" అనాలా అని తల్లిని అడిగి, చివరికి "సరో ఆంటీ" అంది. ఆ పేరు ఎక్కడ పట్టుకుందో. తలుపు తీసి లోపలికి తీసుకొచ్చేసరికి రేంజ్‌హుడ్ మోగుతూనే ఉంది. నేను ఆపడం మర్చిపోయాను.

ఆద్య పొయ్యి చూసింది, పైకి చూసింది.

"సరో ఆంటీ, వై ఈజ్ ఇట్ ఆన్? నథింగ్స్ కుకింగ్."

నేను సిగ్గుపడి మీట వైపు చెయ్యి చాపాను. మౌనిక నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ ఆంటీ" అంది.

బ్యాగు కింద పెట్టి, ఇంకో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. చెయ్యి పైకెత్తి ఆ హోరు ఇంకొంచెం పెంచింది. ఇద్దరం చిక్కుళ్ళు వలిచాం.